నడిమి ఫ్యాను

ఏప్రిల్ 18, శుక్రవారం

ఆయన బాగానే ఉన్నాడు. ముందు ఈ మాట రాసుకుంటే గానీ మిగతాది రాయలేను.

గుడ్ ఫ్రైడే ఆరాధన. సిలువ మీద పలికిన ఏడు మాటల్లో నాలుగో మాట మీద ప్రసంగం నడుస్తుండగా కరెంటు పోయింది. మిట్టమధ్యాహ్నం, మా కాజీపేట చర్చి స్లాబు పెనంలా కాలి ఉంది. ఆరు ఫ్యాన్లూ ఒకదాని తర్వాత ఒకటి నీరసంగా ఆగిపోయాయి. అందరూ పాటల పుస్తకాలతో విసురుకుంటున్నారు. మా పాస్టరు ప్రభుదాసు అయ్యగారు మైకు లేకపోయినా గొంతు పెంచి ప్రసంగిస్తూనే ఉన్నారు. అంతలో మగవాళ్ళ వైపు దబ్బుమని చప్పుడు. ఎవరి కుర్చీయో పడిందనుకున్నాను. పడ్డది మా ఆయన.

దవాఖానలో సెలైన్ పెట్టారు. వడదెబ్బ అన్నారు. పొద్దున్నుంచి ఉపవాసం, పైన ఎండ, బీపీ పడిపోయింది. షుగరున్న మనిషిని ఉపవాసం ఎట్లా ఉండనిచ్చావని డాక్టరమ్మ నన్ను కేకలేసింది. దావీదు నా మాట వినే మనిషే అయితే నా బతుకు ఇంకో రకంగా ఉండేది.

వడదెబ్బే. ఇంకేమీ కాదు.

పడేముందు ఆయన పైకి చూస్తున్నాడు. నడుమ దారికి అటు అంచున ఆయన కూర్చుంటాడు, ఇటు అంచున నేను. నాలుగేళ్లుగా అదే మా చోటు. నేనూ పైకే చూస్తున్నాను కాబట్టి ఆయన ముఖం సరిగా చూడలేదు.

ఏప్రిల్ 20, ఈస్టర్

ఆరాధన అయ్యాక సెక్రటరీ రత్నం గారు లేచి ఒక ప్రకటన చేశారు. మన సంఘస్థుడు కరుణాకర్ హన్మకొండలో సెల్‌ఫోన్ల షాపు మూసేశాడట. అందులో ఉన్న ఏసీని చర్చికి కానుకగా ఇస్తున్నాడట. అది గోడకు పెట్టే రకం కాదు, పైకప్పుకు పెట్టేది. క్యారమ్ బోర్డులా నలుచదరంగా ఉంటుందట, నాలుగు పక్కల నుంచీ గాలి కొడుతుందట.

"దావీదన్న పడ్డందుకే దేవుడు మనకు ఈ మార్గం తెరిచిండు" అన్నారు రత్నం గారు. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. మా ఆయన పడ్డందుకు స్తోత్రం ఏమిటో ఇంటికొచ్చి బియ్యం కడుగుతుంటే గానీ తట్టలేదు.

బయట చెప్పుల దగ్గర లిదియా పట్టుకుంది. రత్నం గారి బిడ్డ, ఏడో నెల కడుపుతో ఉంది. "అంకుల్‌కు ఎట్లుంది ఆంటీ? ఆ దినం ఇంకో పావుగంట అయితే నేను గూడ పడిపోదును" అంది. ముఖం ఉబ్బి, కాళ్ళు ఉబ్బి, పైటచెంగుతో విసురుకుంటూనే ఉంది. సండే స్కూల్లో నా ముందు కూర్చుని వాక్యాలు అప్పజెప్పిన పిల్ల. మా జోయెల్ తరగతిదే. ఈ పిల్ల కోసమైనా ఏసీ రావాలి.

ఏప్రిల్ 21

ఏసీ వస్తే మంచిదే. అందరికీ మంచిదే.

ఏప్రిల్ 24, గురువారం

బడికి సెలవులు మొదలయ్యాయి. సాయంత్రం చర్చి కమిటీ ఉంది. స్త్రీల సమాజం తరఫున నేనూ ఉండాలి కాబట్టి వెళ్ళాను. ఏసీ ఎక్కడ పెట్టాలో చూడడానికి శేఖర్ అనే మెకానిక్ వచ్చాడు. నిచ్చెన, టేపు, చెవి వెనక పెన్సిలు.

అతను కొలతలు తీసేలోపే మావాళ్ళు తీర్పులు ఇచ్చేశారు. వేదిక మీద మాత్రం వద్దన్నారు అయ్యగారు, ఆయనకు సైనసు. మగవాళ్ళ వైపు పెట్టాలన్నారు రత్నం గారు. ఆడవాళ్ళు తలమీద కొంగు కప్పుకుంటారు, వాళ్ళకు చలి పెడుతుందట.

"పొయ్యి కాడ ఉడికేది మేము, చల్లగాలి మీకా?" అన్నాను. నవ్వారు. నవ్వి, మళ్ళీ మగవాళ్ళ వైపే చూడడం మొదలుపెట్టారు. ఎవరు రోజూ ఎక్కడ కూర్చుంటారో అక్కడికి పోయి నిలబడి తల పైకెత్తారు. ఆ సమయానికి ఎవరైనా లోపలికి వచ్చి ఉంటే ప్రభువు రెండో రాకడ వచ్చేసిందనుకునేవాళ్ళు.

శేఖర్ అందరూ చెప్పింది విని, టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఇది నాలుగు దిక్కుల గాలి కొట్టే మిషన్ సార్. మూలకు పెడితే సగం గాలి గోడలకే పోతది. హాలుకు నట్టనడుమ ఉండాలె. ఈ నడిమి ఫ్యాను తీసేసి ఇక్కడ పెడదాం. దీని పక్కన రెండు గూడ తియ్యాలె, లేకుంటె చల్లగాలిని ఆ రెక్కలు చెదరగొడ్తయి."

నేను లేచి కూజా దగ్గరికి వెళ్ళాను. మంచినీళ్ళు తాగాను.

కొలతల కోసం ఫ్యాన్లన్నీ ఆపి ఉన్నాయి. శేఖర్ నిచ్చెన ఎక్కి, రెక్కల మీద ఎర్ర పెయింటు రాతలను సరదాగా చదవడం మొదలుపెట్టాడు. ఒక రెక్క: సుమన్–లిదియా. రెండో రెక్క: వివాహ సందర్భంగా. మూడో రెక్క: రత్నం కుటుంబం.

"అది నా బిడ్డ పెండ్లికి ఇచ్చిన ఫ్యాను" అన్నారు రత్నం గారు. "తీసెయ్‌రి, ఏం ఫికర్ లేదు." ఎందుకుంటుంది ఫికరు? బిడ్డ ఎదురుగా తిరుగుతూనే ఉంది.

నిచ్చెన నడుమకు జరిగింది. ఒక్కో రెక్కనూ చేత్తో తిప్పుతూ చదివాడు. జోయెల్. జ్ఞాపకార్థం. దావీదు–హెప్సిబా.

"జోయెల్ ఎవరమ్మా?"

అందరూ నేల చూపులు చూశారు. "మా కొడుకు" అన్నాను. "అయ్యో" అని రెక్క మీద నుంచి చేయి తీసేశాడు. హసన్‌పర్తి కాలేజీ నుంచి బండి మీద వస్తుంటే లారీ గుద్దిందని, ఇరవై ఒకటో ఏడని, అతనికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఏప్రిల్ 25

అది ఫ్యాను. మూడు రెక్కలు, ఒక మోటారు. దాని గురించి నాకేమీ పట్టింపు లేదు.

నాకున్న అనుమానమల్లా నీళ్ళ పైపు గురించి. ఏసీలో నీళ్ళు ఊరతాయి. ఆ నీళ్ళు పైపులో గోడ దాకా పోయి బయట పడాలి. నట్టనడుమ పెడితే గోడ ఎంత దూరం! పైపుకు వాలు సరిపోకపోతే నీళ్ళు వెనక్కి తన్ని జనం నెత్తిమీద కారతాయి. ఆశీర్వాదం ఇచ్చే వేళకు ముసలివాళ్ళ నెత్తిన బొట్లు బొట్లుగా పడితే ఏం బాగుంటుంది? ఎవరో ఒకరు ఆలోచించాలి కదా. కమిటీలో ఒక్కరికీ ఆ ఆలోచన లేదు.

వెనక గోడ దగ్గర, ఆడవాళ్ళ వైపు, స్టోరు రూము పక్కన పెట్టొచ్చు. అక్కడ పైపు జానెడు దూరం పోతే చాలు.

ఏప్రిల్ 27, ఆదివారం

ఆయనను ఇంకా బయట తిరగొద్దన్నారు. ఒక్కదాన్నే వెళ్ళాను. బడి నుంచి తెచ్చిన సుద్దముక్కతో వెనక గోడ దగ్గర నేల మీద ఒక చదరం గీశాను, పైన ఏసీ ఎక్కడొస్తుందో తెలియడానికి. అయ్యగారిని పిలిచి చూపించాను. పైపు వాలు గురించి చెప్పాను. ఓపికగా విన్నారు. "చూద్దాం తల్లీ, శేఖర్‌ను అడుగుదాం" అన్నారు. ఆయన ముఖంలో జాలి కనిపించింది. పైపు గురించి మాట్లాడుతుంటే జాలి ఎందుకో.

కానుకల పాటలో కరెంటు పోయింది.

ఇది ఎక్కడా చెప్పలేను గనక ఇక్కడ రాస్తున్నాను. నేను కరెంటు పోవాలని కోరుకుంటాను. చర్చిలో కూర్చుని, కళ్ళు మూసుకుని, అందరూ వానల కోసం, దేశం కోసం, రోగుల కోసం ప్రార్థిస్తుంటే నేను దీని కోసం ప్రార్థిస్తాను. తిరిగేటప్పుడు ఆ ఫ్యానులో పేరు ఉండదు. ఎర్రటి గీత ఒకటి గుండ్రంగా ఉంటుంది, అంతే. కరెంటు పోయాక ఆ గీత మెల్లగా విడిపోతుంది. ముక్కలవుతుంది. ముక్కలు అక్షరాలవుతాయి. ఇంకో రెండు చుట్లు తిరిగి ఆగితే మావాడి పేరు. కొన్నిసార్లు నావైపు తిరిగి ఆగుతుంది, కొన్నిసార్లు ఆయన వైపు. ఇవాళ నావైపు ఆగింది. వాడే తలుపు తీసి లోపలికి వచ్చినట్టే ఉంటుంది నాకు.

ఈ ఎండల్లో కరెంటు పోవాలని కోరుకునే ఆడది ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఏడో నెల కడుపుతో లిదియా ముందు వరుసలో చెమటలు కక్కుతోంది. దేవుడు నన్ను క్షమించాలి. క్షమించకపోయినా నేను మానుకునేది లేదు.

ఏప్రిల్ 29

శేఖర్‌కు ఫోన్ చేశాను. వెనక గోడ సంగతి చెప్పాను.

"అమ్మా, ఆ మిషన్ల పంపు ఉంటది. నీళ్ళను మీదికి ఎత్తి పైపుల పోస్తది. నడుమ పెట్టినా ఏం కాదు."

పంపు పాడైతే?

"బాగు చేస్త."

నువ్వు ఊళ్ళో లేకపోతే?

"మీరు టీచరా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. "అనుకున్న" అన్నాడు.

పెట్టేసే ముందు మెల్లగా ఒక మాటన్నాడు. "వెనుక పెడితె ముందల కూసున్నోళ్ళకు గాలి అందదమ్మా. కడుపుతోటి ఉన్న అక్క ముందల్నే కూసుంటది గద."

మే 1, గురువారం

కమిటీ మళ్ళీ కూర్చుంది. ఆయనను కూడా పిలిచారు, రైల్వేలో ముప్ఫై ఏళ్ళు కరెంటు పని చేసిన మనిషి కదా అని. అసలు కారణం అది కాదని అందరికీ తెలుసు.

అయ్యగారు మెత్తగా మొదలుపెట్టారు. "మీరిద్దరు ఎట్లంటె అట్ల, దావీదూ. మూలకు పెడదామంటే మూలకే పెట్టుకుందాం. గాలి జర తక్కువొస్తది, ఏం కొంప మునగదు." రత్నం గారు కూడా తలూపారు. పాపం, మంచివాళ్ళు. నేనే వాళ్ళను రోజూ ఇంట్లో తిట్టుకుంటున్నాను.

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఒక్క మాట చాలు. మూలకు పెట్టండి అంటే చాలు. నేను అంటే పంతం అనుకుంటారు, ఆయన అంటే సరిపోతుంది. ఆయన వైపు చూశాను. ఆయన నావైపు చూడలేదు.

"నడుమనే పెట్టున్రి అయ్యగారు" అన్నాడు.

మే 2

పొద్దున చాయ్ ముందు పెట్టి అడిగాను. అడిగానో, అరిచానో. అందరూ మన మాట కోసం ఎదురుచూస్తుంటే కొడుకు పేరును నీ నోటితో నువ్వే ఎట్లా దింపుకున్నావు అన్నాను.

చాలాసేపు చాయ్ మీద మీగడను వేలితో పక్కకు తీస్తూ ఉన్నాడు. తర్వాత చెప్పాడు.

"నువ్వు మీదికి చూస్తవని నాకెరుకే. కరెంటు పోతె నీ మొఖం ఎట్లయితదో నాకెరుకే. నాతోని కాదు. నాలుగేండ్ల సంది కరెంటు పోయినప్పుడల్లా నేను కండ్లు మూసుకుంటాన. ఆ శుక్రవారం ఏమైందో, తెరిచిన. చదివిన. మన పోరని పేరు పక్కన ఆ మాట చదివిన. అంతే, కాళ్ళల్ల బలం పోయింది."

వడదెబ్బ అన్నారు కదా అన్నాను.

"నువ్వు నమ్మినవా?"

వాడు తలుపు తీసి లోపలికి రావాలని నేను కోరుకున్న ప్రతిసారీ ఆయన మీద తలుపు వేసినట్టయిందన్నమాట. దారికి అటు ఆయన, ఇటు నేను. ఒకే ఫ్యాను కింద.

నాకు ఆయన మీద జాలి కలగాలి. కలగలేదు. కోపమే వచ్చింది. "అయితే ఇంటికి తెచ్చుకుందాం. నా గదిలో పెట్టుకుంటాను, నువ్వు చూడకు" అన్నాను.

"దేవునికి ఇచ్చింది వాపస్ తెచ్చుకుంటమా?"

సండే స్కూల్లో పిల్లలకు ఆ పాఠం చెప్పేదాన్ని నేనే.

ఆయన నన్ను పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు. పెళ్ళయిన కొత్తలో "ఏమే" అనేవాడు. వాడు పుట్టాక "జోయెలమ్మా" అయింది. వీధి చివర నుంచి అరిచేవాడు అట్లా. ఇప్పుడు "ఇగో" అంటాడు. "వింటున్నవా" అంటాడు. ఆ పిలుపు పోయి నాలుగేళ్ళయింది. ఇవాళ ఎందుకో అది గుర్తొచ్చి వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

మే 3

రాయడానికి ఏమీ లేదు.

మే 6, మంగళవారం

మూడు ఫ్యాన్లూ దింపారు. ఆయనే దింపాడు. నాలుగేళ్ళ కింద నడిమి ఫ్యాను పెట్టింది కూడా ఆయనే, ఆ కొక్కెం బిగించింది ఆయనే, ఇంకొకరి చేయి పడనిస్తాడా. నేను లోపలికి పోలేదు. బయట చెప్పుల దగ్గర నిలబడి స్పానరు చప్పుడు విన్నాను.

రఘునాథపల్లి దగ్గర మా సంఘానికి ఒక చిన్న శాఖ ఉంది. రేకుల షెడ్డు, ఇప్పటిదాకా ఒకే ఒక టేబుల్ ఫ్యాను. అక్కడి పెద్ద ఉప్పలయ్య ఆటో తీసుకుని వచ్చాడు. రెక్కలన్నీ విప్పి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పాత బ్యానరులో చుట్టి తాడు కట్టారు. మోటార్లు గోనెసంచిలో వేశారు.

"మస్తు సంతోషం అమ్మా" అన్నాడు ఉప్పలయ్య రెండు చేతులూ జోడించి. "మా ముసలోళ్ళు పండుగ చేసుకుంటరు."

నాకూ సంతోషమే అన్నాను. ఆటో మలుపు తిరిగేదాకా చూశాను. ఇంటికి వచ్చేటప్పుడు ఆయన ముందు, నేను వెనక నడిచాం.

మే 11, ఆదివారం

ఏసీ కింద మొదటి ఆరాధన. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. తలుపులు మూస్తే బయటి రైళ్ళ చప్పుడు కూడా వినిపించలేదు. అయ్యగారి ప్రసంగం మామూలు కంటే సాగింది, ఎవరూ విసుక్కోలేదు. లిదియా ముందు వరుసలో గోడకు ఆనుకుని కునుకు తీసింది. ఆ పిల్ల ముఖం ఎన్నాళ్ళకో తేటగా కనిపించింది. ఆమెను చూసి నాకు సంతోషం కలిగింది. ఇది అబద్ధం కాదు.

చివరి పాటలో కరెంటు పోయింది.

అలవాటు కొద్దీ పైకి చూశాను. ఏసీ రెక్కలు నాలుగూ మెల్లగా మూసుకున్నాయి. తెల్లటి మూత. దాని మూలన ఒక స్టిక్కరు. అంతే. ఎంతసేపు చూసినా అంతే. పక్కకు చూస్తే దారికి అటు ఆయన కళ్ళు తెరిచే ఉన్నాడు. నన్నే చూస్తున్నాడు. ఆయన కళ్ళు తెరవగలిగాడు గనక ఈ ఏర్పాటు మంచిదే అని అనుకోబోయాను. అనుకోలేకపోయాను.

మే 13

ఇంట్లో ఇవాళ రెండుసార్లు కరెంటు పోయింది. మా ఫ్యాన్ల మీద కంపెనీ పేరే ఉంది.

మే 18, ఆదివారం

ఇవాళ జరిగింది వరసగా రాయాలి. లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చుకుంటాను.

మధ్యాహ్నం రఘునాథపల్లి శాఖలో ఫ్యాన్ల ప్రతిష్ఠ ప్రార్థన. అయ్యగారి కారులో మేమిద్దరం వెళ్ళాం. ఆయన టెస్టరు, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. ఫ్యాన్లు ఉప్పలయ్య వాళ్ళే బిగించారట, ఒకసారి చూసి వస్తానన్నాడు. నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. నేనే ఎక్కి కూర్చున్నాను.

ప్రార్థన చేశాక స్విచ్ వేయాలని మూడు ఫ్యాన్లనూ ఆపే ఉంచారు. రేకులు తక్కువ ఎత్తు. లోపలికి అడుగుపెట్టగానే తల ఎత్తకుండానే కనిపించింది.

జోయెల్.

పక్క రెక్క: వివాహ సందర్భంగా.

దాని పక్కన: దావీదు–హెప్సిబా.

మొదట నాకు అర్థం కాలేదు. మళ్ళీ చదివాను. అన్నీ ఒకే మూటగా చుట్టి పంపిన రెక్కలు. ఇక్కడ బిగించినవాళ్ళకు ఏది ఎవరిదో ఎట్లా తెలుస్తుంది? మూటలో చేతికి వచ్చిన రెక్కను వచ్చినట్టు బిగించారు. ఫ్యానుకు మూడు రెక్కలు కావాలి, మూడున్నాయి.

ఆయన కూడా చూశాడు. కళ్ళు మూసుకోలేదు. స్క్రూడ్రైవరు తీసి, "ఉప్పలయ్యా, జర ఒక బల్ల తే" అన్నాడు.

అంతలో ఒక అవ్వ నా చేయి పట్టుకుంది. మొగిలమ్మ అట, ఆ శాఖలో మొదట బాప్తిస్మం తీసుకున్నావిడ. నోట్లో పళ్ళు లేవు, చేయి మాత్రం గట్టిగా ఉంది.

"నువ్వేనా బిడ్డా హెప్సిబమ్మవు? మా ఉప్పలయ్య చదివి చెప్పిండు. కొడుకు పెండ్లికి ఇచ్చిన్రట గద ఫ్యాను. సల్లగుండాలె. కోడలు ఎట్లున్నది?"

చెప్పాలి. అవ్వా, పొరపాటు జరిగింది అని చెప్పాలి. నోరు తెరిచాను.

"మంచిగున్నది అవ్వా."

"అత్తను మంచిగ చూసుకుంటాందా?"

"చూసుకుంటది."

"పిలగాండ్లా?"

"ఇంకా లేరు."

"దేవుడిస్తడు తియ్యి" అని నా చేయి తట్టింది. నేను తలెత్తి చూస్తే ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని అట్లాగే నిలబడి ఉన్నాడు. ఉప్పలయ్య బల్ల తెచ్చాడు. "ప్రార్థన కానియ్యి, తర్వాత చూద్దాం" అని ఆయన దాన్ని గోడకు జరిపాడు. వచ్చి మగవాళ్ళ వైపు దారి అంచున కూర్చున్నాడు. నేను ఇటు అంచున కూర్చున్నాను.

అయ్యగారు కళ్ళద్దాలు పెట్టుకుని కూడా పైకి చూడలేదు, ప్రార్థన చేసి స్విచ్ వేశారు. జనం చప్పట్లు కొట్టారు. ఫ్యాను తిరిగింది గానీ ఊగుతోంది, టకటకమని కొట్టుకుంటోంది. వేరే రెక్క కలిస్తే అట్లాగే ఊగుతుందట, బరువులు సరిపోవు. ఆరాధన అంతా అది నా నెత్తిమీద ఊగుతూనే ఉంది. ఆ గంటసేపు నేను వాడికి పెళ్ళి చేశాను. ఏ చర్చిలో, ఏ రంగు చీర కట్టుకున్నాను, అన్నం దగ్గర ఎవరు అలిగారు, అన్నీ చేశాను. కోడలికి ముఖం మాత్రం పెట్టలేకపోయాను.

ఆరాధన అయ్యాక అందరూ బయట పందిట్లో అన్నానికి కూర్చున్నారు. ఆయన ఫ్యాన్లు ఆపి, బల్ల లాగి, ఎక్కాడు. నేను వెళ్ళి బల్ల పట్టుకున్నాను.

"ఉండనియ్యరాదా" అన్నాను. "ఇక్కడ మనల్ని ఎవరు ఎరుగుదురు? ఊగితే ఊగనీ."

ఆయన పక్క ఫ్యాను వైపు చూశాడు. నేనూ చూశాను. నా కొడుకు పేరు చూసుకున్న సంబరంలో నేను దాన్ని చదవనే లేదు. సుమన్–లిదియా. జ్ఞాపకార్థం. రత్నం కుటుంబం.

గోడకు ఆనుకుని కునుకు తీసిన పిల్ల. ఎనిమిదో నెల.

"విప్పు" అన్నాను. "ముందు అది విప్పు, తొందరగా విప్పు."

బల్ల అటు జరిపి విప్పాడు. జ్ఞాపకార్థం అన్న ఆ రెక్కను నా చేతికి ఇచ్చాడు. దుమ్ము, ఆయన చేతి చెమట, ఎర్ర పెయింటు. దాన్ని ఎవరికీ కనబడకుండా పైటలో పెట్టుకుని నిలబడ్డాను. ఆయన నడిమి ఫ్యానుకున్న వివాహ సందర్భాన్ని విప్పి తెచ్చి లిదియా పేరు పక్కన బిగించాడు. తర్వాత బల్ల మళ్ళీ నడుమకు జరుపుకున్నాడు. ఎక్కి, చేయి కిందికి చాచాడు. నేను ఇవ్వలేదు. ఇవ్వాలని తెలుసు. చేయి రాలేదు.

ఆయన తొందరపెట్టలేదు. చేయి చాచే ఉంచాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, రెండో చేయి ఫ్యాను మీద ఉంది గనక తుడుచుకోలేదు.

"జోయెలమ్మా" అన్నాడు. "ఆ రెక్క ఇటియ్యి."

ఇచ్చాను.

బిగించి దిగి స్విచ్ వేశాడు. ఇప్పుడు ఊగడం లేదు. చప్పుడు లేదు. పేరు లేదు, ఆ మాట లేదు, ఎర్రటి గీత గుండ్రంగా తిరుగుతోంది. ఇద్దరం దాని కింద కాసేపు నిలబడ్డాం. మొదటిసారి ఇద్దరం ఒకే వైపు.

బయలుదేరేటప్పుడు మొగిలమ్మ చేయి కడుక్కుని, తుడుచుకుంటూ వచ్చింది. షెడ్డు తలుపులో నిలబడి ఫ్యాను వైపు చూసి మురిసిపోయింది. "ఎంత సల్లగ తిరుగుతాందో సూడు. ఈసారి కోడల్ని తోలుకరా బిడ్డా. నేను సచ్చేలోపల ఒకసారి సూస్త."

"తోలుకొస్త అవ్వా" అన్నాను.

కారులో నా చేయి ఆయన చేతిలో ఉంది. రోడ్డు మీద గాలి లేచింది, దూరంగా మెరుపులు. దుమారం వచ్చేలా ఉంది. ఈ గాలికి అక్కడ కరెంటు పోకూడదని, ఆ అవ్వ బతికి ఉన్నన్నాళ్ళూ ఆ షెడ్డులో ఒక్కసారి కూడా పోకూడదని, ఇల్లు చేరేదాకా ప్రార్థన చేస్తూనే ఉన్నాను.